ఒకే ఫోను, ఒకే దారి: ఆండ్రాయిడ్, క్రోమ్, గూగుల్ లెక్కల్లో మనం ఎక్కడున్నాం?

స్కాలర్‌షిప్ దరఖాస్తుల గడువు దగ్గరపడితే మండపేట నెట్ సెంటర్ల ముందు విద్యార్థులు వరసలో ఉంటారు. చాలామంది చేతిలో ఫోన్ ఉంటుంది. అయినా కౌంటర్ అవతలి కంప్యూటర్ కోసం ఎదురుచూస్తారు. కులం సర్టిఫికెట్ స్కాన్ చెయ్యాలి, ఫారం పెద్ద తెర మీద సరిచూసుకోవాలి, ప్రింటు తీసి కాలేజీలో ఇవ్వాలి. ఫోన్ ఉన్నంత మాత్రాన ఇంటర్నెట్ మన చేతికి వచ్చినట్టు కాదని ఆ వరస చెబుతుంది. ఆపరేటింగ్ సిస్టంలు, బ్రౌజర్లు, సెర్చ్ ఇంజిన్ల వాడకంపై వచ్చే లెక్కల్లో మాత్రం ఈ వరస కనిపించదు. అందుకే ఆ లెక్కలను మనం జాగ్రత్తగా చదవాలి.

ముందు మూడు మాటలను విడదీద్దాం. ఫోన్‌నైనా కంప్యూటర్‌నైనా నడిపించే మూల సాఫ్ట్‌వేర్ ఆపరేటింగ్ సిస్టం: ఆండ్రాయిడ్, విండోస్, ఐఓఎస్, లినక్స్. వెబ్ పేజీలను తెరిచేది బ్రౌజర్: క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ. పేజీలను వెతికిపెట్టేది సెర్చ్ ఇంజిన్: గూగుల్, బింగ్, డక్‌డక్‌గో. "గూగుల్ ఓపెన్ చెయ్" అన్నప్పుడు మనం మూడింటినీ కలిపేస్తున్నాం. మన ఫోన్లలో ఆ మూడూ ఒకే కంపెనీవి కాబట్టే అలా కలిసిపోయాయి.

అంకెలు చెప్పేది, చెప్పనిది

స్టాట్‌కౌంటర్ సంస్థ ఇటీవలి లెక్కల ప్రకారం భారత్‌లో మొబైల్ వాడకంలో ఆండ్రాయిడ్ వాటా సుమారు 95 శాతం. సెర్చ్‌లో గూగుల్ వాటా 97 శాతానికి పైనే. బ్రౌజర్లలో క్రోమ్ వాటా 85 శాతం దాటింది. ప్రపంచం మొత్తం మీద ఈ వాటాలు ఇంతకన్నా తక్కువ.

అయితే ఈ సంస్థ లెక్కపెట్టేది మనుషులను కాదు, తెరిచిన పేజీలను. రోజుకు వంద పేజీలు తెరిచే ఉద్యోగి వంద సార్లు లెక్కలోకి వస్తాడు. వారానికోసారి కొడుకు ఫోన్ అడిగి తీసుకునే కూలి తల్లి ఒకసారి వస్తుంది, లేదంటే అసలు రాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన పురుషులు 48.8 శాతం, స్త్రీలు 21 శాతం. ఆ మిగతా 79 శాతం స్త్రీలు ఏ బ్రౌజర్ వాటాలోనూ లేరు.

ఇష్టం కాదు, ధర

భారత్‌లో 2012లోనే మొబైల్ ఇంటర్నెట్ వాడకం కంప్యూటర్‌ను దాటింది. ప్రపంచంలో ఆండ్రాయిడ్ విండోస్‌ను దాటింది 2017 మార్చిలో, అదీ 37.93 శాతం, 37.91 శాతం తేడాతో. మన దగ్గర అంత ముందు జరగడానికి కారణం సులువు. కంప్యూటర్ కొనే స్తోమత లేని ఇంటికి ఫోనే మొదటి కంప్యూటర్. 2017–18 జాతీయ నమూనా సర్వేలో కంప్యూటర్ ఉన్న గ్రామీణ కుటుంబాలు 4.4 శాతమే.

బ్రౌజర్ల కథ కూడా ఇంతే. డేటా ఖరీదుగా ఉన్న రోజుల్లో పేజీలను కుదించి పంపే యూసీ బ్రౌజర్ మన దేశపు మొబైళ్లలో మొదటి స్థానంలో ఉండేది. 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చి డేటా చవకైంది. కుదింపు అవసరం తగ్గింది, ఫోన్‌తో వచ్చిన క్రోమ్ పెరిగింది. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో యూసీ బ్రౌజర్ కూడా పోయింది. చవక ఫోన్‌గా 2017లో వచ్చిన జియోఫోన్ కైఓఎస్ మీద నడిచేది. దానిలో వాట్సాప్ 2025లో ఆగిపోయింది. ఈ మలుపుల్లో ఏదీ మన అభిరుచి మారినందువల్ల రాలేదు. ధర మారింది, ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది, కంపెనీ నిర్ణయం తీసుకుంది.

ఫోన్‌లో ముందే పెట్టి ఇచ్చేది ఎంత బలమైనదో తీర్పులే చెబుతున్నాయి. ఆండ్రాయిడ్ మార్కెట్‌లో ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసిందని భారత పోటీ కమిషన్ 2022 అక్టోబర్ 20న గూగుల్‌కు రూ. 1,337.76 కోట్ల జరిమానా వేసింది. ప్లే స్టోర్ కావాలంటే గూగుల్ యాప్‌లన్నీ ముందే పెట్టి తీరాలనే షరతును తప్పుపట్టింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ కొన్ని ఆదేశాలను కొట్టేసినా జరిమానాను సమర్థించింది. సెర్చ్‌లో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలుపుకుందని 2024 ఆగస్టులో అమెరికా కోర్టు చెప్పింది. ఫోన్లలో, బ్రౌజర్లలో తన సెర్చే ముందుగా ఉండేందుకు ఆ కంపెనీ ఒక్క 2021లోనే 2,630 కోట్ల డాలర్లు చెల్లించిందని ఆ విచారణలో తేలింది.

పాతబడిన ఫోన్, ఆగిన మస్టర్

ఆండ్రాయిడ్ పాతబడితే ఏమవుతుంది? 2023 చివర్లో వచ్చిన క్రోమ్ 120 నుంచి ఆండ్రాయిడ్ 7 ఫోన్లకు కొత్త క్రోమ్ అందడం లేదు. 2025 ఆగస్టు నుంచి ఆండ్రాయిడ్ 8, 9 ఫోన్లకు కూడా ఆగిపోయింది. ఫోన్ పనిచేస్తూనే ఉంటుంది. కానీ భద్రతా మార్పులు రావు, క్రమంగా కొన్ని సైట్లు, యాప్‌లు తెరుచుకోవు. అన్న వాడి వదిలేసిన ఫోన్‌తో చదువుకునే చెల్లికి ఇది నేరుగా తగిలే దెబ్బ.

కూలి దగ్గర ఇది ఇంకా సూటిగా తగులుతుంది. గోదావరి డెల్టాలో భూమి లేని దళిత కుటుంబాల్లో చాలావాటికి కూలే ఆధారం. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి హాజరును ఎన్‌ఎంఎంఎస్ యాప్‌లో వేయడం తప్పనిసరి చేశారు. మేట్ స్మార్ట్‌ఫోన్‌తో పూటకో ఫొటో చొప్పున రోజుకు రెండు సార్లు ఎక్కించాలి. ఫోన్ మొరాయించినా, సిగ్నల్ లేకపోయినా చేసిన పని లెక్కకు రాకుండా పోయే ప్రమాదం ఉంది. 2023 ఫిబ్రవరి నుంచి ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూలీలు చేసిన ధర్నాలో ఈ యాప్‌ను రద్దు చేయాలన్నది ఒక ముఖ్య డిమాండ్.

ఫోన్ మంచిదైనా నెట్ ఉండాలి కదా. 2022 ఏప్రిల్‌లో మండపేట కొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాలోకి వెళ్లింది. ఆ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టాక జిల్లాలో ఇంటర్నెట్‌ను రోజుల తరబడి నిలిపివేశారు. అలాంటి రోజుల్లో యాప్ తప్ప వేరే దారి లేని సేవ మొత్తం ఆగినట్టే.

వెతికితే దొరికేది

2016 ఆగస్టులో పి.వి. సింధు ఒలింపిక్ రజతం గెలిచిన రోజుల్లో ఆమె కులం ఏమిటని గూగుల్‌లో వెతికినవారిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందున్నాయని పత్రికలు రాశాయి. సెర్చ్ పెట్టెలో రెండక్షరాలు కొట్టగానే వచ్చే సూచనలు ఎక్కువగా జనం వెతికినవాటి నుంచే వస్తాయి. సమాజంలో ఉన్న కులం అలా యంత్రంలోకి ఎక్కి, తెలియనివాళ్లకు కూడా ఆ ప్రశ్నను అందిస్తుంది.

రెండో వైపు, దొరకనివి ఉన్నాయి. మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న. కారంచేడు 1985లో, చుండూరు 1991లో జరిగాయి. మండపేట పక్కనే వెంకటాయపాలెం శిరోముండనం 1996 డిసెంబర్ 29న జరిగితే, తీర్పు 2024 ఏప్రిల్ 16న వచ్చింది. ఆ కాలపు కరపత్రాలు, పత్రికలు, నిజనిర్ధారణ నివేదికల్లో చాలా భాగం కాగితం మీదే ఉంది. ఎక్కించినవి కూడా కొన్ని ఫొటోలుగా ఉండటంతో సెర్చ్‌కు సరిగా అందవు. సెర్చ్‌లో రానిది జరగలేదని కొత్త తరం అనుకునే ప్రమాదం ఉంది.

మనం చేయగలిగింది

2022 డిసెంబర్ 21న రాష్ట్ర ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు ఆండ్రాయిడ్ ట్యాబ్‌లు పంచడం మొదలుపెట్టింది. అందులో బైజూస్ పాఠాలు ఉన్నాయి, అనుమతించిన యాప్‌లు తప్ప వేరేవి రాకుండా తాళం ఉంది. 2024లో బైజూస్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. దీనికి భిన్నమైన దారి కూడా ఉంది. బెంగళూరు సుదర్శన్ లేఔట్ బస్తీలో అంబేడ్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ పిల్లలకు లినక్స్ కంప్యూటర్ల మీద నేర్పింది. కేరళ ప్రభుత్వ బడులు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మారాయి. తెలుగులో పనిచేసే లినక్స్ కోసం స్వేచ్ఛ ఉద్యమం 2005 నుంచి పనిచేస్తోంది. కొత్త విండోస్‌కు పనికిరాని పాత కంప్యూటర్ల మీద కూడా తేలికపాటి లినక్స్ నడుస్తుంది. సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో ఇలాంటి ల్యాబ్‌లు అడగడం పెద్ద కోరికేమీ కాదు.

అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. స్కాలర్‌షిప్, కూలి, భూమి, సర్టిఫికెట్లకు సంబంధించిన సైట్లన్నీ ఏ బ్రౌజర్‌లోనైనా, ఐదారేళ్ల పాత ఫోన్‌లోనైనా తెరుచుకోవాలి. 2025 జనవరి 30న 161 సేవలతో వాట్సాప్ పాలన మొదలైంది. సౌకర్యమే, కానీ ఒక ప్రైవేటు యాప్ ఏకైక దారి కాకూడదు. కాగితం దరఖాస్తు తీసుకునే కౌంటర్ సచివాలయంలో కొనసాగాలి. యాప్ పనిచేయని రోజు మస్టర్ కాగితం మీద వేయాలి, ఆ కూలి పోకూడదు.

ఇక మన వంతు. సంఘాల నివేదికలను, కరపత్రాలను ఫొటోలుగా మాత్రమే వాట్సాప్‌లో తిప్పితే అవి సెర్చ్‌కు అందవు. తేదీ, ఊరి పేరుతో సహా తెలుగు యూనికోడ్ అక్షరాల్లో వెబ్ మీద పెడితే, పదేళ్ల తర్వాత ఒక విద్యార్థి వెతికినప్పుడు మన మాట కూడా దొరుకుతుంది.