డాక్టరు నిర్ధారణ, నర్సు నిర్ధారణ: రెండూ ఎందుకు?
భిలాయ్ ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకుని బతికే మరోదా కుటుంబాలకు కాలిన గాయాల భయం కొత్తది కాదు. కర్మాగారానికి చెందిన సెక్టార్ 9 ఆసుపత్రిలో వీటికి ప్రత్యేక విభాగమే ఉంది. గాయం ఎంత లోతు, ఎంత మేర అన్నది డాక్టరు నిర్ధారిస్తారు. దానివల్ల రోగికి ఇప్పుడున్న ఇబ్బంది ఏమిటి, రాబోయే ముప్పు ఏమిటి అన్నది మంచం పక్కనే ఉండే నర్సు తేల్చాలి. దీన్నే నర్సింగ్ డయాగ్నసిస్ అంటారు.

ఉదాహరణకు, రోగి ఒక్కసారిగా అస్థిమితంగా కదులుతున్నాడనుకుందాం. నొప్పి అనుకోవడం తేలిక. కానీ ఒంట్లో నీరు తగ్గినా, రక్తంలో ఆక్సిజన్ పడిపోయినా అలాగే ఉంటుంది. నొప్పే అనుకుని మత్తుమందు ఇస్తే అసలు ప్రమాదం మరుగున పడుతుంది. అందుకే నర్సు ఊపిరి, నాడి, ఆక్సిజన్ చూస్తారు, మూత్రం కొలుస్తారు. 60 కిలోల మనిషికి గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు రావాలి. తగ్గితే వెంటనే డాక్టరుకు చెబుతారు. ఇలా ఆధారాలతో ఒక్కో అనుమానాన్నీ తేల్చుకోవడమే క్లినికల్ రీజనింగ్.

ఈ నిర్ధారణలకు ఉమ్మడి పేర్లు ఉండాలని 1973లో అమెరికాలోని సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టీన్ గెబ్బీ, మేరీ ఆన్ లావిన్ తొలి సమావేశం జరిపారు. 1982లో నాండా సంస్థ ఏర్పడింది. దాని తొలి అధ్యక్షురాలు మార్జొరీ గోర్డన్ బోస్టన్ కాలేజీ ఆచార్యురాలు. తర్వాత ఆమె పేరిట క్లినికల్ రీజనింగ్ కార్యక్రమాన్ని కాలేజీ, నాండా కలిసి చేపట్టాయి.

కాలేజీలు, ఆసుపత్రులు చేతులు కలపాల్సిందీ ఇందుకే. ముప్పు పేరును పాఠం నేర్పుతుంది, దాన్ని వేళకు గుర్తుపట్టడం వార్డులోనే అలవడుతుంది.