గుండె దడ మాత్రలు: ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెబితే?

ఓ పెద్దావిడ మందుల సంచితో ఓ.పి.కి వచ్చారు. గుండె లయ తప్పిందని ఒక డాక్టరుగారు డిగాక్సిన్ వాడమన్నారు. వేరే ఊళ్ళో మరొకరు అమియోడరోన్ రాశారు. "ఎవరి మాట వినాలి సిస్టరమ్మా?" అన్నారు. ఎటూ తేలక రెండూ వేసుకుంటున్నారు. అన్నం సయించడం లేదు, వాంతులు. నాడి చూస్తే నిమిషానికి 48.

ఇద్దరూ మంచి మందే రాశారు. ఒకరు రాసింది మరొకరికి తెలియకపోవడమే చిక్కు. అమియోడరోన్ వల్ల రక్తంలో డిగాక్సిన్ పెరుగుతుంది. అందుకే రెండూ అవసరమైతే డిగాక్సిన్ మోతాదును డాక్టర్లు తరచు సగానికి తగ్గిస్తారు. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, ఎసిట్రోమ్‌ల ప్రభావమూ పెరిగి రక్తస్రావం కావచ్చు. కనుక ఐ.ఎన్.ఆర్. పరీక్ష తరచు చేయించాలి.

అలాగని మీ అంతట మీరు ఏదీ మానకండి. గడ్డకట్టకుండా వాడే మందు మానేస్తే పక్షవాతం రావచ్చు.

మీరు చేయవలసినవి:

1. మాత్రలన్నీ, నాటుమందులతో సహా, పాత చీటీలు, ఇ.సి.జి.లతో తీసుకురండి.

2. "ఇంకొకరు ఇలా రాశారు" అని చెప్పడానికి మొహమాటపడకండి.

3. ఏది ఎంత వేసుకోవాలో, ఏది మానాలో ఒకే చీటీపై రాయించుకోండి.

4. కళ్ళు తిరిగినా, చూపు పసుపుగా మారినా, విరేచనం నల్లగా అయినా వెంటనే ఆసుపత్రికి రండి.

ఆ పెద్దావిడను వార్డులో చేర్చి, డిగాక్సిన్ ఆపారు. డాక్టర్లిద్దరూ ఫోనులో మాట్లాడుకున్నారు. ఇప్పుడామె సంచిలో ఉన్నది ఒకే చీటీ.