ఒకే జైలు, రెండు కలాలు: దాశరథి, వట్టికోట ఆళ్వారుస్వామి

పోయిన ఎపిసోడ్ చూసి బోధన్ నుంచి ఒక తమ్ముడు తను రాసింది పంపిండు. వాళ్ల నాన్న శక్కర్‌నగర్ షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడింది కదా, దాని మీద రాసిండు. "అన్నా, దీన్ని కవితలా రాయాల్నా, కథలా రాయాల్నా? ఎవరిలాగా రాస్తే బాగుంటది?" అని అడిగిండు.

మంచి ప్రశ్న. జవాబు కోసం దూరం పోనక్కర్లేదు, నిజామాబాద్ ఖిల్లా దాకా పోతే చాలు.

ఖిల్లా మీద రామాలయం ఉంది, పాత జైలూ ఉంది. నిజాం పాలన చివరి రోజుల్లో, 1948లో, దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి ఇద్దరూ అక్కడ రాజకీయ ఖైదీలు. దాశరథి 1925లో పుట్టారు, ఆళ్వారుస్వామి 1915లో. అంటే పదేళ్లు తేడా. ఇద్దరికీ స్నేహం ఎంతంటే, 1949లో వచ్చిన 'అగ్నిధార'ను దాశరథి ఈయనకే అంకితమిచ్చారు. ఒకే జైలు, ఒకే తిండి, ఒకే శత్రువు. కానీ రాసిన తీరు మాత్రం పూర్తిగా వేరు. ఎందుకు?

ముందు దాశరథిని చూద్దాం. ఆయన ఛందస్సు తెలిసిన మనిషి. ఉర్దూ కూడా బాగా వచ్చు, తర్వాత గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చారు. జైల్లో బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశారని అందరూ చెప్పుకుంటారు. ఇక్కడ ఒక్క విషయం గమనించండి. గోడ మీద రాసిన దాన్ని సిపాయి చెరిపేయగలడు. కానీ పద్యానికి నడక ఉంటది, యతిప్రాసలుంటయి. రెండుసార్లు వింటే నోటికొస్తది. నోటికొచ్చిన దాన్ని ఎవరు చెరుపుతరు? అదీ ఆయన బలం. వేలమంది కోపాన్ని ఒక్క గొంతులో పెట్టగలరు. మరి లోటు? ఆ గొంతులో ఫలానా మనిషి, వాడి ఇల్లు, వాడి పూట గడవడం కనిపించవు. పద్యం పని అది కాదు కూడా.

ఇప్పుడు ఆళ్వారుస్వామి. హోటల్లో సర్వర్‌గా చేశారు, ప్రూఫులు దిద్దారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. అట్ల తిరిగిన మనిషికి ఏం అలవాటైతది? ఎదుటోడి మాట వినడం. అందుకే ఆయన 'జైలు లోపల' కథల్లో మామూలు ఖైదీలు ఉంటరు. ఈ మనిషి ఇక్కడికి ఎట్ల వచ్చిండు, ఏ పరిస్థితి తెచ్చింది అని అడుగుతరు. 'ప్రజల మనిషి' నవల్లో కూడా అంతే, కంఠీరవం ఒక్కరోజులో నాయకుడు కాడు. ఊరు, దొర, చదువు, జనం కలిసి అతన్ని తయారు చేస్తరు. భాష సాదా, అలంకారం తక్కువ. ఇది ఆయన బలం. లోటు ఏంటంటే, అక్కడక్కడ పాత్ర మాట్లాడుతున్నట్టు కాకుండా రచయితే మీటింగ్‌లో మాట్లాడుతున్నట్టు ఉంటది.

సరే, ఇద్దరి పద్ధతులూ బోధన్‌కు పెట్టి చూద్దాం. 1931కల్లా నిజాంసాగర్ పూర్తయింది. మంజీర నీళ్లు కాలువల్లోకి వచ్చినయి, చెరుకు పెరిగింది, 1937లో ఫ్యాక్టరీ పెట్టిండ్రు. దాశరథి తోవలో పోతే ఈ నీరు, చెరుకు, పొగగొట్టం, చివరికి ఆ నిశ్శబ్దం అన్నీ కలిపి ఊరంతటి గొంతు చేయాలి. ఆళ్వారుస్వామి తోవలో పోతే, మూతపడ్డ తెల్లారి మీ నాన్న ఎన్నింటికి లేచిండు, షిఫ్ట్ లేకపోయినా సైకిల్ తీసిండా, అమ్మ ఏమన్నది అని అడగాలి.

తమ్ముడు పంపిన రెండు పేజీల్లో "శ్రమజీవుల కన్నీళ్లు" అనే మాట నాలుగుసార్లు వచ్చింది. వాళ్ల నాన్న ఏ సెక్షన్‌లో పనిచేసిండో ఒక్కసారి కూడా లేదు! ఇది దాశరథి పద్ధతి అనుకోవద్దు. ఆయన ఆవేశం కింద ఏళ్ల సాధన ఉంది. సాధన లేకుండా ఆవేశం ఒక్కటే తీసుకుంటే మిగిలేది నినాదం.

కాబట్టి నేను చెప్పేది ఇది. "ఎవరు గొప్ప?" అని అడగొద్దు, "నేను రాయకపోతే ఏది పోతది?" అని అడగండి. ఊరి కోపం పోదు, దాన్ని చెప్పేటోళ్లు ఇంకా ఉన్నరు. కానీ క్రషింగ్ సీజన్ల రాత్రి షిఫ్ట్ ఎట్లుండేదో, మరిగే రసం వాసన ఇంటిదాకా ఎట్ల వచ్చేదో మీ నాన్నకే తెలుసు. ఆయన పెద్దోడైతున్నడు. ఆయనతోపాటు అది కూడా పోతది.

తమ్మీ, ముందు ఆయన పక్కన కూర్చో. ఫోన్‌లో రికార్డ్ పెట్టు, అడుగు, విను. అదంతా కాగితం మీదికి వచ్చినంక, అందులో పాట ఉంటే అదే బయటికొస్తది.

రాసి పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో చదువుకుందాం.