రాత్రి షిఫ్టు వారికి పగటి నిద్ర కరువు

భూపాలపల్లి: కాకతీయ గనుల్లో రాత్రి షిఫ్టు ముగించి ఇల్లు చేరిన సింగరేణి కార్మికునికి కంటిమీద కునుకు పడదు. రేకుల కప్పు వేడి, వాకిట్లో పిల్లల గోల, వచ్చిపోయే చుట్టాలు. షిఫ్టులు మారుతుంటే ఒంటికి ఏ వేళా అలవాటు కాదు. ఆపైన డబ్బు ఎక్కువని ఆదివారం ప్లేడేకూ దిగుతారు. భూగర్భంలో రోజుకు 8 గంటలు, వారానికి 6 రోజులే పని అని 1952 నాటి గనుల చట్టం ఊరికే అనలేదు. అలసినవాడు పైకప్పు చిట్లే చప్పుడును పోల్చుకోలేడు.

ముందు చిరాకు, మతిమరుపు, తర్వాత నాగాలు. నాగా పెట్టినవాణ్ణి సోమరి అనేయడం మనకు తేలిక! మందు తాగితే వచ్చేది మగతే, నిద్ర కాదు. కిటికీకి దుప్పటి కట్టి, మధ్యాహ్నం దాకా లేపకుండా ఇంటివారు చూడాలి. నిద్ర పట్టని సంగతిని సింగరేణి ఏరియా ఆసుపత్రి డాక్టరుకు దాచకుండా చెప్పాలి.