ఆ హోటల్లో తినవచ్చునా?

విజయనగరంలో ఇషా నమాజు ముగిసి, మస్జిదు మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కునే వేళ నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. అది వారసత్వ వాటాల గురించో, జకాత్ లెక్కల గురించో కాదు. "మౌల్వీ సాబ్, కాంప్లెక్సు దగ్గర కొత్తగా పెట్టిన హోటల్లో తినవచ్చునా?" అని. నేను నోరు విప్పే లోపలే పక్కనున్న నలుగురూ నాలుగు అభిప్రాయాలు వెలిబుచ్చుతారు. ఒకరికి బిర్యానీ బాగుంది. ఒకరికి మసాలా ఘాటు. మూడవ వ్యక్తి అక్కడ తినలేదు గాని తిన్నవారి బావమరిది ఆయనకు తెలుసు. నాలుగవ వ్యక్తి తల అడ్డంగా ఊపి ఊరుకుంటాడు. నిజానికి అందరి మాటల కంటే ఆ తల ఊపుడే ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది.

హైదరాబాదులోనో కర్నూలులోనో నివసించే పాఠకులకు ఈ ప్రశ్న వింతగా తోచవచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండింటిలోనూ ముస్లింలు నూటికి ఒక్కరి కంటే తక్కువ. అలాగని మనం ఇక్కడికి నిన్న మొన్న వచ్చినవారమేమీ కాదు. గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ శ్రీకాకుళంలో జామియా మస్జిదు కట్టించి (1641) నాలుగు శతాబ్దాలు కావస్తున్నది. అయినా ఏడు రోడ్ల కూడలిలో గాని, ఇటు మూడు లాంతర్ల దగ్గర గాని నిలబడి చూస్తే, మాంసం ఏ కొట్టు నుండి వస్తుందో మనకు రూఢిగా తెలిసిన హోటళ్ళను వేళ్ళ మీద లెక్కించవచ్చు. అందుచేత మా ఊళ్ళలో నోటి మాటే ఆధారం. ఒక కుటుంబం తినడమూ మానడమూ దాని మీదే నడుస్తుంది. ఒక హోటలు నిలవడమూ మూతపడడమూ కొంతవరకు దాని మీదే నడుస్తుంది.

భోజనశాలల మీద తీర్పు చెప్పడం తెలుగువారికి కొత్త విద్య కాదు. ఓరుగల్లు నగరాన్ని వర్ణించిన 'క్రీడాభిరామం'లో ఒక పూటకూళ్ళ ఇంటి ప్రస్తావన వస్తుంది. ఎవరి ఇల్లు, ఏమేమి వడ్డిస్తారు, పెరుగు ఎలా ఉంటుంది, వెల ఎంత అన్న వివరాలన్నీ ఒకే పద్యంలో ఇమిడిపోయాయి. వెల ఒక్క రూక. చదివినవాడు నేరుగా ఆ ఇంటికి వెళ్ళి కూర్చోవచ్చు. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు ఇందుకు భిన్నమైనవి. సన్నన్నం తిని పెరిగిన కవి పలనాటికి వెళ్ళి జొన్నకూడు చూసి విసుక్కున్నాడు. ఆ విసుగు వలన మనకు కవి నాలుక సంగతి తెలుస్తుందే గాని జొన్నలోని దోషమేమీ తెలియదు. ఇక మా విజయనగరం విషయానికి వస్తే, గురజాడవారి 'కన్యాశుల్కం' 1892లో ఇక్కడే తొలిసారి ప్రదర్శితమయింది. అందులోని పూటకూళ్ళమ్మ పాత్ర ఈ ఊరిదే. పూటకూళ్ళ ఇళ్ళకు బోర్డులుండవు, ప్రకటనలుండవు. తిన్నవాడు ఇంకొకడికి చెప్పాలి. అంతే.

కనుక క్రీడాభిరామం తరహా మాట ఒకటి, శ్రీనాథుని తరహా మాట ఒకటి. మన సంభాషణల్లో ఈ రెండూ కలిసిపోతుంటాయి. ఉత్తరాంధ్ర కూరల్లో ఆవ పెడతారు, పులుసులో బెల్లం వేస్తారు, నువ్వుల పొడి చల్లుతారు. హైదరాబాదు నుండి వచ్చిన అల్లుడు ఒక ముద్ద తిని "ఇదేమిటి, తియ్యగా ఉంది!" అంటాడు. అనవచ్చు. కాని అదే మాట ఊరు దాటేసరికి "అక్కడ వంట రాదు" అని మారుతుంది. మరొక సంగతి కూడా గమనించాను. విజయదశమి తరువాతి మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవం నాడు మా ఊరు జనంతో కిక్కిరిసిపోతుంది. రథసప్తమి నాడు అరసవల్లి వల్ల శ్రీకాకుళం పరిస్థితీ అంతే. ఆ రోజున ఏ హోటలు చూసినా అన్నం సగం ఉడికి, సాంబారు నీళ్ళయి, సర్వరు విసుగ్గా ఉంటాడు. ఆ ఒక్క పూట తినిపోయినవారు ఏడాది మొత్తానికి తీర్పు చెప్పడం న్యాయం కాదు.

ఇష్టానికీ దోషానికీ మధ్యనున్న గీతను ఎంత తేటగా గీయవచ్చో బోధించే ఒక హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. హజ్రత్ మైమూనా (రజి) గారి ఇంట దైవప్రవక్త (స) ముందు కాల్చిన ఎడారి ఉడుము మాంసం ఉంచారు. అదేమిటో తెలిపిన తరువాత ఆయన చేయి వెనక్కి తీసుకున్నారు. అది నిషిద్ధమా అని హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) అడిగితే, కాదనీ, తన జాతివారి నేలలో అది లేదు గనుక తనకు సహించదనీ వివరించారు. ఖాలిద్ (రజి) దానిని తన వైపు లాక్కుని, ఆయన చూస్తుండగానే తిన్నారు. (ఆ మాంసం విషయంలో ఫిఖ్హ్ పండితుల మధ్య భేదం ఉంది. అది వేరే చర్చ.) నాకు నచ్చలేదు అనడానికీ అది చెడ్డది అనడానికీ ఎంత దూరముందో ఆ విస్తరి దగ్గరే తేలిపోయింది.

ఇంత తెలిసీ నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. చెప్పకుండా ఈ వ్యాసం రాయడం సబబు కాదు.

కొన్నేళ్ళ క్రితం మా ప్రాంతంలో ఒక చిన్న బిర్యానీ హోటలు వెలిసింది. యజమాని హిందూ సోదరుడు. పై ఊళ్ళలో వంటమనిషిగా పనిచేసి, నాలుగు డబ్బులు కూడబెట్టుకుని సొంత ఊరికి వచ్చినవాడు. మస్జిదు దగ్గర ఒకాయన, "అక్కడి కోడి మాంసం కోసిందే బండిలో వస్తుందట, ఎవరు కోశారో ఏమో" అన్నాడు. ఆ తరువాత నన్ను అడిగినవారందరికీ నేను "సందేహం ఉంది, మానుకోవడం మేలు" అని చెబుతూ వచ్చాను. సందేహాస్పదమైన దానిని వదలిపెట్టడం ధర్మమే. కాని ఆ సందేహం నాది కాదు, ఎవరో నా చేతిలో పెట్టి వెళ్ళినది. నా మాట నా నోటి నుండి వెలువడినప్పుడు "ఎవరు కోశారో తెలియదు" అన్నంత వరకే ఉంది. నెల తిరిగేసరికి "మౌల్వీ గారు హరామ్ అన్నారు" అయింది. మరి కొన్నాళ్ళకు మనవారు కానివారి మధ్య అది "అక్కడ నిల్వ మాంసం వాడతారు" అయి కూర్చుంది. నాలుగైదు నెలల్లో హోటలు మూతపడింది.

ఆ తరువాత ఒక ఆదివారం ఉదయం మాంసం కొట్టు దగ్గర నిలబడినప్పుడు, మాటల మీద కొట్టు భాయి అన్నాడు: "ఆ బిర్యానీ హోటలాయన రోజూ తెల్లవారుజామున ఎనిమిది కిలోలు నా దగ్గరే తీసుకునేవాడు హజ్రత్. మనవాళ్ళు కూడా తింటారని నా చేతే కోయించుకునేవాడు. మంచి బేరం పోయింది."

నా ఇంటి నుండి ఆ కొట్టు రెండు వందల అడుగులు ఉండదు. నేను వెళ్ళి అడగలేదు. వార్త అందినప్పుడు నిర్ధారించుకోవాలనీ, లేకపోతే తెలియక ఎవరికో హాని చేసి ఆ తరువాత పశ్చాత్తాపపడవలసి వస్తుందనీ హెచ్చరించే హుజురాత్ సూరా ఆరవ ఆయతును ప్రతి ఏడాదీ పిల్లలకు పాఠంగా చెప్పేవాడిని నేనే.

ఆ శుక్రవారం జుమా తరువాత నిలబడి, ఆ హోటలు విషయంలో నేను విచారించకుండా మాట్లాడానని జమాఅత్ ముందు ఒప్పుకున్నాను. అప్పటికి ఆ షట్టరు వెనుక మొబైలు ఫోన్ల కొట్టు వచ్చింది. ఆ మనిషిని వెతుక్కుంటూ వెళ్తే జాతీయ రహదారి మీద ఎవరిదో ధాబాలో పొయ్యి ముందు దొరికాడు. నేను చెప్పినదంతా విన్నాడు. కోప్పడలేదు. "ఒక్కపాలి వంటింట్లోకి తొంగి చూసుంటే సరిపోను గురువుగారూ" అని, గరిటె పక్కన పెట్టి టీ తెప్పించాడు. ఆ టీ తాగడం నాకు కష్టమయింది.

దాని తరువాత నేను రెండవ పొరపాటులో పడ్డాను. ఇక ఏ హోటలు గురించీ నోరు మెదపకూడదని నిశ్చయించుకున్నాను. శ్రీకాకుళంలో దీపాలు మిలమిలలాడే పెద్ద హోటలొకటి. వేపుడులో కాగి కాగి నల్లబడిన నూనె వాసన నాకు రెండు పర్యాయాలు తగిలింది. వలీమాకు వచ్చిన మా బంధువులు రాత్రి భోజనానికి అక్కడికి వెళ్తామంటే, మళ్ళీ ఒకరి పొట్ట మీద కొట్టడమెందుకని మౌనం వహించాను. తెల్లవారేసరికి ఇద్దరు పిల్లలకు వాంతులు. సెలైను పెట్టించవలసి వచ్చింది. కారణం ఆ భోజనమేనని నేను ప్రమాణం చేయలేను. కాని మా మరదలు ఆస్పత్రి వరండాలో అడిగిన ప్రశ్న మాత్రం మరచిపోలేను: "భాయిజాన్, అక్కడి సంగతి మీకు ముందే తెలుసా?"

ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనకు వచ్చిన పెళ్ళి సంబంధాల గురించి సలహా కోరితే, దైవప్రవక్త (స) ఆ ఇద్దరు వరుల లోపాలూ దాచకుండా తెలిపారు. ఒకరి పేదరికం, మరొకరి కాఠిన్యం. అది గీబత్ కాలేదు. ఎందుకంటే అడిగిన వ్యక్తి జీవితం దాని మీద ఆధారపడి ఉంది. ఇమాం నవవీ 'రియాజుస్సాలిహీన్'లో పరోక్షంలో ఒకరి లోపం చెప్పడం అనుమతించబడే ఆరు సందర్భాలను పేర్కొంటూ, ఇలాంటి హెచ్చరికను కూడా చేర్చారు. అంటే అడిగినవానికి తెలిసిన దోషం దాచడం కూడా ద్రోహమే. కాకపోతే తెలిసినదై ఉండాలి.

తెలుసుకోవడానికి ఉన్న మార్గాలు కష్టమైనవేమీ కావు. పూర్వం ముస్లిం పట్టణాల్లో ముహ్తసిబ్ అనే బజారు అధికారి ఉండేవాడు. అతని విధుల మీద 12వ శతాబ్దంలో సిరియాలో షైజరీ రాసిన గ్రంథంలో వంటవాళ్ళకూ, మాంసం కాల్చేవాళ్ళకూ, చేపలు వేయించేవాళ్ళకూ వేర్వేరు అధ్యాయాలున్నాయి. గొర్రెపిల్లను పొయ్యిలో దింపేముందు తూచి రాసుకోవాలి, తీసిన తరువాత మళ్ళీ తూచాలి. మూడవ వంతు తగ్గితే లోపలి వరకు ఉడికినట్టు లెక్క. రుచి గురించి అతనికి పట్టింపు లేదు. తూకం, ఉడుకు, శుభ్రత. అంతే.

మనకిప్పుడు ముహ్తసిబ్ లేడు గాని, 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టం ఉంది, జిల్లాలో ఆహార భద్రతా అధికారి ఉన్నాడు. ప్రతి హోటలూ తన పద్నాలుగు అంకెల లైసెన్సు లేక రిజిస్ట్రేషను నంబరును కనబడేలా పెట్టాలి. 2022 జనవరి నుండి ఆ నంబరు బిల్లు మీద కూడా ఉండాలన్న నియమం వచ్చింది. మళ్ళీ మళ్ళీ కాచిన నూనెకు కూడా హద్దు ఉంది. అందులో పేరుకునే 'పోలార్' పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడరాదని 2018 జూలై 1 నుండి అమలవుతున్నది. దానిని కొలిచే పరికరం మన దగ్గర ఉండదు. కాని నల్లబడి, జిగటగా మారి, నురగ కట్టి, తొందరగా పొగలు కక్కే నూనెను కంటితో గుర్తుపట్టని గృహిణి ఏ ఇంట్లోనూ ఉండదు. ఒక హెచ్చరిక: ఆ లైసెన్సు నంబరుకూ హలాల్‌కూ సంబంధం లేదు. మాంసం సంగతి విడిగా అడగవలసిందే. అడిగితే యజమానులు కోప్పడతారని భయపడనక్కరలేదు. నేనిప్పుడు అడుగుతున్నాను. చాలామంది కొట్టు పేరు చెప్పి, కావాలంటే కనుక్కోమంటారు. చెప్పకుండా మాట దాటవేసేవారు ఉంటే, అదీ ఒక జవాబే.

మొన్న బొబ్బిలి నుండి ఒక మిత్రుడు ఫోను చేశారు. కూతురి నిశ్చితార్థానికి నలభై మందితో విజయనగరం వస్తున్నారట, ఎక్కడ భోజనం చేయాలో చెప్పమన్నారు. నేను ఒక హోటలు పేరు చెప్పి, దానితో పాటు ఇదంతా చెప్పాను: "గత బుధవారం మధ్యాహ్నం తిన్నాను. మాంసం మన కొట్టు నుండే వస్తుంది, కొట్టులో కూడా అడిగాను. నూనె తేటగా ఉంది. పులుసులో బెల్లం ఎక్కువ, నాకు పడలేదు, మీకు పడవచ్చు. చేతులు కడుక్కునే చోట సబ్బు లేదు. యజమానికే చెప్పాను, రేపే పెడతానన్నాడు. పెట్టాడో లేదో చూసి నాకు తెలియజేయండి."

నాలుగు రోజుల తరువాత ఆయనే మళ్ళీ ఫోను చేశారు. సబ్బు పెట్టాడట. బెల్లం సరిగ్గానే ఉందట.