మేరీ కోపం, గుండమ్మ నోరు: హాస్యచిత్రాల్లో స్త్రీవాదం

ఇష్టమైన సినిమా ఏదని అడిగితే తెలుగువారిలో చాలామంది 'మిస్సమ్మ', 'గుండమ్మ కథ' వంటి వినోదచిత్రాల పేర్లే చెబుతారు కాని, స్త్రీవాదం మాత్రం కంటతడి పెట్టించే చిత్రాలకో, ఉపన్యాసాలిచ్చే చిత్రాలకో చెందిన వ్యవహారమని భావించేవారూ వారిలో తక్కువేమీ కాదు. ఇంట్లో, కొలువులో, ఆస్తిలో, తన శరీరం విషయంలో స్త్రీకి దక్కవలసిన హక్కులను ఆచారం పేరిట కాదనడాన్ని ప్రశ్నించే ఆలోచనాధారే స్త్రీవాదం. గంభీరచిత్రం తరచు ఆ ప్రశ్నను కథానాయిక కన్నీళ్ళుగా మార్చి ప్రేక్షకుల జాలితో సరిపెడుతుండగా, హాస్యచిత్రం ఆమెకు కోపం తెచ్చుకొనే వీలు, ఎదురు మాట్లాడే వీలు కల్పిస్తుంది.

విజయా సంస్థ ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో 1955లో విడుదల చేసిన 'మిస్సమ్మ' ఇందుకు చక్కని ఉదాహరణ. పట్టభద్రురాలైన మేరీ, అప్పు తీర్చడానికీ, అప్పిచ్చిన డేవిడ్ పెళ్ళిపోరు తప్పించుకోవడానికీ, దంపతులకే ఉద్యోగాలిస్తామన్న పాఠశాలలో ఒక పరాయి యువకుడికి భార్యగా నటించడానికి ఒప్పుకుంటుంది. పెళ్ళి లేకుండానే ఇల్లాలి పాత్రను జీతం కోసం అభినయించవలసి రావడంతో, అణకువ, పతిభక్తి మొదలైనవి ఆడపుట్టుకతో వచ్చే గుణాలు కావనీ, నేర్పితే వచ్చే వేషమనీ ప్రేక్షకులకు నవ్వుల మధ్యనే తెలిసివస్తుంది. పుట్టుకతో వచ్చే శారీరక భేదానికి భిన్నంగా, సమాజం స్త్రీపురుషులకు నేర్పి కట్టబెట్టే ఇటువంటి పాత్రలనే స్త్రీవాదులు జెండర్ అంటారు. మేరీగా నటించిన సావిత్రి ముక్కు మీది కోపమే చిత్రానికి ప్రాణం కాగా, ఆ యువకుడిగా ఎన్.టి. రామారావు వంటి కథానాయకుడు ఆ చిటపటలను ఓర్చుకొంటూ తిరగడం అప్పుడే కాదు, ఇప్పటికీ అరుదే. అయితే మేరీ, జమీందారు గోపాలం దంపతులకు చిన్ననాడే తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి అని తేలగానే మతభేదమూ, సొంత కాళ్ళ మీద నిలబడవలసిన అవసరమూ ఒక్క దెబ్బతో మాయమై, సినిమా అంతా అడిగిన ప్రశ్నను చివరి రీలు మింగేస్తుంది. ఈ పాత్రకు మొదట ఎంపికైన భానుమతి, నిర్మాత చక్రపాణితో పొసగక తప్పుకొన్నారు. 1953లోనే 'చండీరాణి'కి దర్శకత్వం వహించి, 'అత్తగారి కథలు'తో హాస్యరచయిత్రిగానూ పేరు పొందిన ఆమె నటించి ఉంటే ఆ లొంగుబాటు అంత సులువుగా కనిపించేది కాదేమో.

1962 నాటి 'గుండమ్మ కథ'లో ఎన్.టి. రామారావు, నాగేశ్వరరావు, ఎస్.వి. రంగారావు ఉన్నా, సినిమాకు పేరు మాత్రం సూర్యకాంతం పోషించిన నడివయసు సవతితల్లి పాత్రదే. కాని గుండమ్మను చూసి నవ్వడమే తప్ప గుండమ్మతో కలిసి నవ్వే సందర్భాలు అందులో తక్కువ. హాస్యాన్ని అంచనా కట్టడానికి ఈ తేడాయే గీటురాయి. అమెరికన్ కార్టూనిస్టు ఆలిసన్ బెక్డెల్ 1985లో తన కార్టూన్ కథలో చూపిన పరీక్ష, సినిమాలో కనీసం ఇద్దరు స్త్రీలు ఉన్నారా, వారు ఒకరితో ఒకరు మాట్లాడుకొంటారా, ఆ మాటలు పురుషుడి గురించి కాక మరో విషయం మీద సాగుతాయా అని అడుగుతుంది. నవ్వు ఎవరి మీద పడుతోందో మాత్రం అది చెప్పదు.

స్త్రీవాద కవితల సంకలనం 'నీలిమేఘాలు' వెలువడిన 1993లోనే వచ్చిన బాపు చిత్రం 'మిస్టర్ పెళ్ళాం'లో ఉద్యోగం పోయిన భర్త వంటింట్లోకీ, భార్య ఆఫీసుకూ వెళ్తారు. అక్కడ ప్రేక్షకులు నవ్వేది గరిటె పట్టిన మగవాడిని చూసి మాత్రమే కాదు, ఇంటిపని ఒక పనే కాదన్న అతని నమ్మకం కూలిపోవడాన్ని చూసి కూడా. తెలుగులో ఉత్తమచిత్రంగా జాతీయ పురస్కారం పొందిన ఈ సినిమా సైతం చివరకు దంపతుల రాజీ దగ్గరే ఆగింది.

కొరియా చిత్రం 'మిస్ గ్రానీ' ఆధారంగా నందినీ రెడ్డి 2019లో తీసిన 'ఓ బేబీ', కోడలిని సాధించే అత్తను దుష్టపాత్రగా వదిలేయక, ఒంటరిగా కొడుకును పెంచే బరువులో పాటను వదులుకొన్న యువతిగా ఆమె గతాన్ని చూపింది. అయినా ఆ నాయనమ్మకు తిరిగి దక్కిన యౌవనం మనవడి ప్రాణం కోసం వదులుకొనేదిగానే మిగిలింది. ఈ నాలుగు చిత్రాల వరకు చూస్తే, తెలుగు హాస్యం స్త్రీకి మాటను ఇచ్చినంత ధారాళంగా ముగింపును ఇవ్వలేదు.