పొగరు కాదు అత్తయ్యా.. ముఖం గుర్తుపట్టలేను!

కిందటేడు మా పెదనాన్న కూతురి పెళ్లి. భోజనాల దగ్గర పట్టుచీర కట్టుకున్న ఒకావిడ నన్ను చూసి నవ్వారు. నేనూ మర్యాదకి నవ్వేసి ముందుకెళ్లిపోయా. తీరా చూస్తే ఆవిడ మా మేనత్త! ఇంటర్ రెండేళ్లూ వాళ్లింట్లో ఉండే చదువుకున్నా. ‘ఉద్యోగం రాగానే వీడికి కళ్లు నెత్తికెక్కాయి’ అని సాయంత్రానికల్లా చుట్టాలందరూ అనేశారు. నాన్నయితే రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇంట్లో అత్తయ్యంటే నేతచీర, కళ్లజోడు, ముడి. ఆ రోజు అవేవీ లేవు. ఒక్క మాట మాట్లాడినా గొంతుతో పట్టేసేవాణ్ని. నేనిన్నాళ్లూ మనుషుల్ని ముఖంతో కాకుండా మిగతా వాటితో గుర్తుపడుతున్నానని అప్పుడే అనుమానం వచ్చింది. న్యూరాలజిస్టుని కలిస్తే, సినిమా వాళ్ల ఫొటోలు జుట్టు కనపడకుండా చూపించారు. సగం మంది పేర్లు కూడా చెప్పలేకపోయా. దీన్ని ప్రోసోపాగ్నోసియా అంటారట.

చూడటం వేరు, గుర్తుపట్టడం వేరు

కంట్లో పడ్డ వెలుగు సంకేతంగా మారి మెదడు వెనక భాగానికి చేరుతుంది. అక్కడి కణాలు ముందు గీతల్నీ అంచుల్నీ పసిగడతాయి. ఈ సంగతి కనిపెట్టినందుకే హ్యూబెల్, వీజెల్‌లకు 1981లో నోబెల్ వచ్చింది. అక్కణ్నుంచి సంకేతం ముందుకెళ్లే కొద్దీ గీతలు ఆకారాలవుతాయి, ఆకారాలు వస్తువులవుతాయి. కప్పు, బైకు, కుర్చీ.. ఇవన్నీ నాకు ఇట్టే తెలుస్తాయి. ముఖాల దగ్గరే చిక్కు. వాటికి బాగా స్పందించే ప్రత్యేకమైన చోటు మెదడు అడుగు భాగంలో ఉందని 1997లో నాన్సీ కాన్విషర్ బృందం చూపించింది.

ఓ చిన్న పరీక్ష. ఫోన్లో మీ ఫ్రెండ్స్ గ్రూప్ ఫొటోని తలకిందులు చేసి చూడండి. గుర్తుపట్టడం కాస్త కష్టంగా ఉందా? మెదడు ముఖాన్ని కళ్లు, ముక్కు, నోరు అని విడివిడిగా కాక, మొత్తంగా ఒకేసారి చదువుతుంది. తలకిందులైతే ఆ పద్ధతి పనిచేయదు. నాకు నిటారుగా ఉన్న ముఖంతోనూ అదే తంటా. నవ్వుతున్నారా, కోపంగా ఉన్నారా అన్నది తెలుస్తుంది. ఎవరన్నదే తట్టదు.

కొందరికిది తలకి దెబ్బ తగలడం వల్లో, పక్షవాతం వల్లో వస్తుంది. కొందరికి పుట్టుకతోనే ఉంటుంది. పేరున్న న్యూరాలజిస్టు ఆలివర్ శాక్స్‌కీ ఉండేది. అద్దంలో తనని చూసుకుని ఎవరో అనుకుని ‘సారీ’ చెప్పిన సందర్భాలూ ఉన్నాయని ఆయనే చెప్పుకున్నారు. నయంచేసే మందు లేదు. గొంతు, నడక, జుట్టు.. ఇవే మాకు ఆధారం.

ఇదంతా అత్తయ్య ఇంటికెళ్లి చెప్పా. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. మొన్న ఓ గృహప్రవేశంలో మాత్రం దూరం నుంచే కేకేసింది.. ‘ఒరే అల్లుడూ, నేనేరా, అత్తని!’ అని. నాన్న ఇంకా పూర్తిగా నమ్మట్లేదు.

మీ ఫ్రెండెవరైనా పలకరించకుండా వెళ్లిపోతే వెంటనే పొగరనుకోకండి. ఓసారి మీరే పేరు చెప్పి పలకరించి చూడండి.